రాత్రిపూట బండల బాటల్లో సైకిల్ తొక్కాలంటే ఎలాంటి లైటు కొనాలి

మా ఊరు చేవెళ్ల అవతల. నా చిన్నప్పుడు పొలాలకు కరెంటు ఎక్కువగా రాత్రిళ్ళే ఇచ్చేవాళ్ళు. ఒంటిగంటకో రెండింటికో మా నాయిన మోటరు పెట్టడానికి లేస్తే నేనూ వెంటపడేవాణ్ణి. మూడు సెల్లుల బ్యాటరీ నా చేతిలో ఉండేది. మా వైపు టార్చిలైటును బ్యాటరీ అనే అంటారు. నేను దాన్ని ముఖం దగ్గర పెట్టుకుని దూరంగా తాటిచెట్ల మీదికి కొట్టేవాణ్ణి. నాయిన ప్రతిసారీ నా చెయ్యి పట్టుకుని కిందికి దించేవాడు. "మోకాలి కాడ పట్టుకోరా. గుంత కనపడాలె, పురుగు కనపడాలె" అనేవాడు. పురుగు అంటే పాము. రాత్రిపూట దాని పేరు ఎత్తేవాళ్ళు కాదు.

నలభై దాటాక మళ్ళీ సైకిల్ పట్టుకున్నాను. ఇల్లు నార్సింగి దగ్గర. అరగంట తొక్కితే గండిపేట, శంకర్‌పల్లి వైపు మొరం బాటలు, చెరువు కట్టలు, పరుపు బండలు వస్తాయి. ఎండాకాలం ఎనిమిదింటికే ఎండ మాడ్చేస్తుంది కాబట్టి తెల్లవారుజామున నాలుగున్నరకు బయలుదేరాలి, లేదా రాత్రి ఎనిమిది తర్వాత. మే నెలలో కూడా హైదరాబాదులో పొద్దు పొడిచేసరికి ఐదూ నలభై అవుతుంది. డిసెంబర్లో ఆరున్నర దాటుతుంది. ఎటు చూసినా లైటు లేకుండా పని జరగదు. (మన దగ్గర బైక్ అంటే మోటార్ సైకిలే. నేను చెప్పేదంతా తొక్కే సైకిల్ గురించి.)

2018లో ఒక రాత్రి ఇలాంటి మొరం బాట మీదే పడ్డాను. హెల్మెట్‌కు ఒక్క లైటు కట్టుకున్నాను. ఆన్‌లైన్‌లో కొన్నదే, డబ్బా మీద 8000 లూమెన్లు అని రాసి ఉంది. లూమెన్లంటే లైటు నుంచి వచ్చే మొత్తం వెలుగుకు కొలత. వెలుగుకు లోటేమీ లేదు. బాటంతా తెల్ల దుప్పటి పరిచినట్టు కనపడింది. ట్రాక్టర్ టైరు చేసిన గాడి ఒకటి, జానెడు లోతుంటుంది, నా కళ్ళ ముందే ఉంది. దాన్ని నేరుగా చూస్తూనే అందులోకి వెళ్ళాను. కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టుతో ఇంట్లో కూర్చున్నప్పుడు నాయిన మాట గుర్తొచ్చింది. అప్పటినుంచి లైట్ల విషయం నాకు పట్టింపు అయిపోయింది. కొత్తగా రాత్రి రైడ్లకు వచ్చే పిల్లలు "అన్నా, ఎన్ని లూమెన్లు తీసుకోవాలె?" అని అడిగినప్పుడల్లా ముందు లైటు ఎక్కడ పెట్టాలో చెబుతాను, ఆ తర్వాతే ఎంత అనేది.

గుంతను చూపించేది నీడే

లైటు కంటి పక్కనే ఉంటే మీరు చూసే ప్రతి చోటికీ వెలుగు చేరుతుంది. వినడానికి బాగానే ఉంటుంది. కానీ రాయి వెనక పడ్డ నీడ ఆ రాయి వెనకే దాక్కుంటుంది, మీకు కనపడదు. గాడి గోడ మీద, గాడి అడుగున, పక్కనున్న మట్టి మీద వెలుగు ఒకేలా పడుతుంది. నీడ లేకపోతే ఎత్తుపల్లాలను కన్ను పసిగట్టలేదు. బాట బల్లపరుపుగా కనపడుతుంది.

అదే లైటు హ్యాండిల్ మీద ఉంటే కంటికి అర మీటరుకు పైగా కింద ఉంటుంది. వెలుగు నేలను రాసుకుంటూ ముందుకు పోతుంది. ప్రతి రాయి వెనకా నీడ సాగుతుంది, గాడి అంచు బొగ్గుతో గీసినట్టు నల్లగా కనపడుతుంది. నాయిన బ్యాటరీని మోకాలి దగ్గర పట్టుకోమన్నది ఇందుకే.

నమ్మకం కుదరకపోతే డాబా మీద చేసి చూడండి. రాత్రి డాబా దీపాలు ఆర్పేసి, పది మీటర్ల దూరంలో నాలుగు ఇటుక ముక్కలు, ఒక బోర్లించిన ప్లేటు, వంకరగా ఒక తాడు పరవండి. లైటును ఒకసారి నుదుటి దగ్గర, ఇంకోసారి నడుము దగ్గర పట్టుకుని చూడండి. నడుము దగ్గర పట్టుకున్నప్పుడు తాడు మెలికలు కూడా లెక్కపెట్టవచ్చు. నా భార్య ఈ పరీక్ష చూశాకే రెండో లైటు కొనడానికి ఒప్పుకుంది.

మరి హెల్మెట్ లైటు వద్దా? కావాలి. హ్యాండిల్ ఎటు తిరిగితే దాని మీదున్న బార్ లైటు అటే చూస్తుంది. మలుపులో మీరు చూడాల్సిన చోటూ, హ్యాండిల్ చూసే చోటూ ఒకటి కావు. దిగుడులో ముందు చక్రం కిందికి వంగితే బార్ లైటు నేలను చూస్తుంది, ఎక్కేటప్పుడు ఆకాశాన్ని చూస్తుంది. హెల్మెట్ లైటు మాత్రం మీ చూపు వెంటే వస్తుంది. మన బాటల పక్కన సర్కారు తుమ్మ కొమ్మలు ముఖం ఎత్తులో వాలి ఉంటాయి. వాటిని చూపించేదీ అదే. పంక్చర్ వేసుకోవాలన్నా, తెగిన చైను అతకాలన్నా రెండు చేతులూ ఖాళీగా ఉండాలి కదా.

ఇంకో మేలు ఉంది. ఆవు, గేదె, కుక్క కళ్ళ లోపల అద్దంలాంటి పొర ఉంటుంది. పడ్డ వెలుగును అది వచ్చిన దారినే వెనక్కి పంపుతుంది. కాబట్టి లైటు మీ కంటికి ఎంత దగ్గరగా ఉంటే ఆ మెరుపు అంత బాగా కనపడుతుంది. నల్ల గేదె చీకట్లో బాట మీద పడుకుంటే ఒళ్ళు కనపడదు, రెండు కళ్ళు మాత్రం ఎనభై మీటర్ల దూరం నుంచే మెరుస్తాయి. అది హెల్మెట్ లైటు పుణ్యమే. వానాకాలంలో గడ్డి మీద మంచు బిందువుల్లా నీలం ఆకుపచ్చ చుక్కలు మెరుస్తుంటే ఆగి దగ్గరికి వెళ్ళి చూడండి. చాలావరకు అవి నేల మీద తిరిగే సాలీళ్ళ కళ్ళు. మొదటిసారి చూసినప్పుడు నేను పది నిమిషాలు అక్కడే కూర్చుండిపోయాను.

పాము కంటికి ఆ పొర లేదు, అది మెరవదు. కట్లపాము తిరిగేదే రాత్రిపూట. దాన్ని పట్టిచ్చేది బార్ లైటు వేసే నీడే.

కాబట్టి రెండు లైట్లు కావాలి. డబ్బులు ఒక్కదానికే ఉంటే ముందు హ్యాండిల్‌కు కొనండి, మలుపుల్లో నెమ్మదిగా వెళ్ళండి, హెల్మెట్ లైటు వచ్చే నెల చూసుకోవచ్చు.

ఎంత వెలుగు చాలు

దీన్ని వేగంతో లెక్క కట్టాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు ఐదున్నర మీటర్లు. అడ్డం చూసి బ్రేకు నొక్కేలోపు సెకనున్నర పోతుంది, అంటే ఎనిమిది మీటర్లు. జారే మొరం మీద ఆగడానికి ఇంకో ఐదు. మొత్తం 13 మీటర్లు. గంటకు 30 కిలోమీటర్లయితే అది 23, 24 మీటర్ల దాకా పోతుంది. మన బాటల్లో రాత్రిపూట అంతకు మించిన వేగం ఎవరికీ అవసరం లేదు. కాబట్టి మీకు కావాల్సింది ముందున్న పాతిక ముప్పై మీటర్ల మేర, బాట వెడల్పుతో పాటు రెండు పక్కలా పరచుకునే వెలుగు.

నా అనుభవంలో హ్యాండిల్ మీద నిజమైన 1000 నుంచి 1500 లూమెన్లు, వెడల్పుగా పరిచేది. హెల్మెట్ మీద 600 నుంచి 900, కొంచెం ఇరుకుగా దూరం కొట్టేది. గుట్టల మీంచి వేగంగా దిగేవాళ్ళకు ఇంకొంచెం ఎక్కువ కావచ్చు. చెరువు కట్టల మీద, బండి బాటల మీద తిరిగేవాళ్ళకు ఇందులో సగం చాలు.

డబ్బా మీద "200 మీటర్ల దూరం" అని చూసి మురిసిపోకండి. టార్చిలైట్లను కొలిచే ఎఫ్ఎల్1 అనే ప్రమాణం ప్రకారం, వెలుగు పావు లక్స్‌కు పడిపోయే చోటు దాకా లెక్కపెట్టి ఆ దూరం రాస్తారు. లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత. పావు లక్స్ అంటే నిండు పున్నమి వెన్నెలంత. అంటే 200 మీటర్ల దగ్గర మీకు దొరికేది వెన్నెలే. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతు అవుతుంది కాబట్టి అదే లైటు 20 మీటర్ల దగ్గర 25 లక్స్ ఇస్తుంది. తొక్కడానికి అది చక్కగా సరిపోతుంది. అయితే ఆ దూరాన్ని సన్నటి గీతలాంటి వెలుగుతో సాధించారా, వెడల్పుగా పరిచే వెలుగుతోనా అనేది డబ్బా చెప్పదు. మూడు మీటర్ల దూరంలో తెల్ల గోడ మీద కొట్టి చూస్తే తెలుస్తుంది. నడుమ బొట్టులా మండిపోయి చుట్టూ చీకటిగా ఉంటే అది హ్యాండిల్‌కు పనికిరాదు. నడుమ నుంచి అంచుల దాకా మెల్లమెల్లగా తగ్గుతూ పోవాలి. అంచు కత్తితో కోసినట్టు ఉంటే మీరు తల తిప్పినప్పుడల్లా చీకటి గోడ కదిలినట్టు ఉంటుంది, అరగంటకే కళ్ళు అలసిపోతాయి.

ఇంకో రకం లైట్లున్నాయి. జర్మనీ రోడ్డు నియమం ఎస్‌టీవీజెడ్ఓ ప్రకారం చేసినవి. ఎదురొచ్చేవాళ్ళ కళ్ళలో పడకుండా వెలుగును ఒక గీత దగ్గర పైకి పోకుండా కోసేస్తాయి. రోడ్డు మీద తొక్కేవాళ్ళు తప్పకుండా ఇవే కొనాలి. బండల బాటలో మాత్రం ఆ గీత పైనున్న కొమ్మ కనపడదు, ఎదురుగా లేచే గట్టూ కనపడదు.

డబ్బా మీది అబద్ధాలను పట్టుకోవడం

నా చెయ్యి విరిచిన ఆ లైటును తర్వాత విప్పి చూశాను. లోపల మూడు ఎల్ఈడీలు, ఒక్కోటీ టీ6 అని రాసుంది. టీ6 అంటే మోడల్ పేరు అనుకుంటారు చాలామంది. అది క్రీ కంపెనీ తన ఎక్స్ఎమ్-ఎల్ ఎల్ఈడీలను వెలుగును బట్టి ఏరి పెట్టుకునే గ్రేడు. అసలైన ఎక్స్ఎమ్-ఎల్ గట్టిగా కరెంటు తోలితే ఒక్కోటీ వెయ్యి లూమెన్ల దగ్గర ఆగిపోతుంది. మూడింటికి మూడు వేలు దాటదు, అదీ వేడిని లాగేసే మంచి ఒళ్ళుంటేనే. 8000 ఎక్కడినుంచి వస్తుంది?

అన్నిసార్లూ విప్పి చూడక్కర్లేదు. బ్యాటరీ చెప్పేస్తుంది. నేను వాడే లెక్క ఇది. బ్యాటరీ ఎన్ని వాట్ అవర్లో (అంటే అందులో ఎంత శక్తి పడుతుందో) చూడండి, దాన్ని వందతో గుణించండి, లూమెన్లతో భాగించండి. వచ్చేవి గంటలు. మంచి లైటు ఒక వాట్‌కు కాస్త అటూ ఇటూగా వంద లూమెన్లు ఇస్తుందన్నదే దీని వెనకున్న ఊహ. వాట్ అవర్లు రాయకపోతే, ఒక్కో సెల్లు ఎంత కరెంటు దాచుకుంటుందో చెప్పే ఎంఏహెచ్‌ను వెయ్యితో భాగించి, 3.6తో గుణించండి.

ఉదాహరణకు లోపల 5000 ఎంఏహెచ్ సెల్లు రెండు ఉన్నాయి. ఒక్కోటీ 18 వాట్ అవర్లు, రెండూ కలిపి 36. 1500 లూమెన్ల దగ్గర 3600ను 1500తో భాగిస్తే రెండు గంటల ఇరవై నాలుగు నిమిషాలు. డబ్బా మీద రెండున్నర గంటలు అని ఉంటే నమ్మొచ్చు. ఆరు గంటలు అని ఉంటే ఆ లైటు మొదటి పావుగంట తర్వాత గుట్టుగా తగ్గిపోతుందన్నమాట. దీనికీ ఆ ఎఫ్ఎల్1 ప్రమాణంలోనే సందు ఉంది. వెలుగు మొదట ఉన్నదాంట్లో పదో వంతుకు పడిపోయేదాకా నడిచిన సమయమంతా "రన్‌టైమ్" కిందికే వస్తుంది. 1500తో మొదలై 150కి చేరినా లైటు వెలుగుతున్నట్టే లెక్క. అందుకే మంచి కంపెనీలు ఇచ్చే రన్‌టైమ్ గ్రాఫ్ వెతకండి. గీత చాలాసేపు బల్లపరుపుగా సాగి చివర్లో పడిపోవాలి. అలా ఉన్న 1000 లూమెన్ల లైటు, మొదట్లో 2000 చూపించి జారిపోయే లైటు కన్నా ఎన్నో రెట్లు మేలు.

సెల్లు కొనేటప్పుడు కూడా జాగ్రత్త. 18650 అంటే 18 మిల్లీమీటర్ల మందం, 65 మిల్లీమీటర్ల పొడవు. బజార్లో మామూలుగా దొరికే మంచి 18650 సెల్ 3500 ఎంఏహెచ్ చుట్టుపక్కల ఉంటుంది, 45 నుంచి 50 గ్రాముల బరువు తూగుతుంది. 21700 సెల్ దాదాపు 70 గ్రాములు, 5000 ఎంఏహెచ్. 18650 మీద 9900 అని రాసి ఉంటే అది ఏ తక్కెడలో వేసినా నిలవదు. నిజంగానే వంటింటి త్రాసు మీద పెట్టండి, 30 గ్రాములే తూగితే పక్కన పడేయండి. లిథియం సెల్ చవగ్గా దొరికిందని కొని, రాత్రంతా మంచం పక్కన ఛార్జింగ్ పెట్టి నిద్రపోవడం చాలా ప్రమాదం. దయచేసి అలా చేయకండి.

వేడి, బటన్లు, పట్టు

లైటులో ఖర్చయ్యే కరెంటులో ఎక్కువ భాగం వేడిగానే పోతుంది. సైకిల్ కదులుతున్నంతసేపు గాలి ఆ వేడిని లాగేస్తుంది. నిలబడితే రెండు మూడు నిమిషాల్లో లైటు ఒళ్ళు కాలిపోతుంది, లోపలున్న సర్క్యూట్ తనంతట తానే వెలుగు తగ్గించేస్తుంది. ఏప్రిల్, మే రాత్రుల్లో మన గాలే వేడిగా ఉంటుంది, ఎత్తు ఎక్కేటప్పుడు వేగమూ ఉండదు. అందుకే అల్యూమినియం ఒళ్ళు, వెనక రెక్కల్లాంటి గాడులు ఉన్నదే కొనండి. ప్లాస్టిక్ ఒంట్లో వెయ్యి లూమెన్లు ఎక్కువసేపు నిలవవు. ఆగినప్పుడు తగ్గించే అలవాటు చేసుకోండి. ఎక్కేటప్పుడు 200, 300 లూమెన్లు చాలు, దిగేటప్పుడే పూర్తిగా పెట్టండి. ఇలా వాడితే రెండున్నర గంటల బ్యాటరీ నాలుగు గంటలు వస్తుంది.

బటన్ గురించి ఎవరూ మాట్లాడరు, నాకు మాత్రం ఇది ప్రాణం మీదికి తెచ్చే విషయం. కొన్ని లైట్లలో ఎక్కువ నుంచి తక్కువకు మార్చాలంటే మధ్యలో మిణుకుమిణుకుమనే మోడ్ మీదుగా పోవాలి, ఇంకొన్ని ఒక్క క్షణం ఆరి వెలుగుతాయి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దిగుతున్నప్పుడు ఆ ఒక్క క్షణంలో ఏడు మీటర్లు గుడ్డిగా పోతారు. షాపులోనే గ్లవ్ వేసుకుని నొక్కి చూడండి. ఒక్క నొక్కుకు ఎక్కువ, ఇంకో నొక్కుకు తక్కువ, ఆర్పాలంటే నొక్కి పట్టుకోవాలి. ఇలా ఉన్నదే తీసుకోండి. హ్యాండిల్ మీద బొటనవేలికి అందే రిమోట్ ఉంటే ఇంకా మంచిది. బ్యాటరీ ఎంత మిగిలిందో శాతాల్లో చూపించేది దొరికితే కొంచెం ఎక్కువ పెట్టైనా కొనండి. ఎర్ర చుక్క వెలిగేదాకా ఏమీ చెప్పని లైటుతో దారంతా టెన్షనే.

పట్టు విషయానికొస్తే, రబ్బరు పట్టీ లైట్లు రోడ్డుకు సరిపోతాయి. పరుపు బండల మీద పది నిమిషాలు దడదడలాడితే ముక్కు కిందికి వాల్చేస్తాయి. స్క్రూతో బిగించే లోహపు క్లాంప్ కావాలి. ముందు మీ హ్యాండిల్ మందం చూసుకోండి. ఇప్పటి మౌంటెన్ సైకిళ్ళలో నడుమ 31.8 మిల్లీమీటర్లు గానీ 35 గానీ ఉంటుంది, పాతవాటిలో 25.4. బిగించేముందు పాత ట్యూబు ముక్క ఒకటి కత్తిరించి కింద చుట్టండి, జారదు, హ్యాండిల్ మీద గీతలూ పడవు. బిగించాక బొటనవేలితో గట్టిగా నెట్టి చూడండి. కదిలితే బాట మీద కూడా కదులుతుంది.

హెల్మెట్ మీద బరువు 150 గ్రాములు దాటనివ్వకండి. అంతకు మించితే గంటకే మెడ పట్టేస్తుంది, హెల్మెట్ ముందుకు జారుతుంది. బ్యాటరీ వేరుగా ఉండి వైరుతో వచ్చే రకం అయితే లైటు తలమీద 50, 60 గ్రాములే ఉంటుంది, బ్యాటరీ వీపు సంచిలో పడుంటుంది. చలి దేశాల్లో తొక్కే మనవాళ్ళకు ఇదే మంచిది. చలిలో లిథియం సెల్ త్వరగా చేతులెత్తేస్తుంది, జాకెట్ లోపల పెట్టుకుంటే ఒంటి వేడికి నిలబడుతుంది. ఏ రకమైనా సరే, కొమ్మకు తగిలితే ఊడిపోయేలా కట్టుకోండి. ఊడకపోతే ఆ దెబ్బ మెడకు తగులుతుంది.

తడి విషయం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ఐపీఎక్స్4 అంటే చినుకులకు తట్టుకుంటుంది. ఐపీఎక్స్7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట ఉన్నా ఏమీ కాదు. వాగులు దాటేవాళ్ళకు రెండోది. ఛార్జింగ్ రంధ్రం మీది రబ్బరు మూత వదులైతే ఏ అంకె రాసి ఉన్నా లాభం లేదు. సైకిల్ కడిగేముందు లైటు ఊడదీయండి.

రంగు గురించి నాకు గట్టి అభిప్రాయం ఉంది. తెల్ల ఎల్ఈడీలో నిజానికి ఉండేది నీలం ఎల్ఈడీ, దాని మీద పసుపు పూత. పూత తక్కువైతే వెలుగు నీలం వైపు వాలుతుంది, దాన్నే 6500 కెల్విన్ అని రాస్తారు. అంకెల్లో లూమెన్లు ఎక్కువ వస్తాయి కాబట్టి అమ్మేవాళ్ళకు అదే ఇష్టం. మన ఎర్రమట్టి, గోధుమరంగు గడ్డి, బూడిదరంగు రాయి ఆ వెలుగులో ఒకే రంగులా కలిసిపోతాయి. 4000 నుంచి 5000 కెల్విన్ల మధ్య ఉన్నది వాడి చూడండి. ఎండిన ఆకు ఏదో, రాయి ఏదో విడిగా తెలుస్తాయి. పది శాతం లూమెన్లు తక్కువైనా నేను ఇదే కొంటాను.

ఈ మాటలన్నీ పట్టుకుని డెకథ్లాన్ లాంటి పెద్ద షాపుకో, మీ పేటలోని మంచి సైకిల్ షాపుకో వెళ్ళండి. లైటు చేతిలోకి తీసుకుని బరువు చూడండి, గోడ మీద కొట్టండి, బటన్లు నొక్కండి. ఆ తర్వాత ఆన్‌లైన్‌లో తక్కువకు దొరికితే మీ ఇష్టం. నా రెండు లైట్లకూ కలిపి తొమ్మిది వేల లోపే అయింది. ఐదేళ్ళుగా వాడుతున్నాను. యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉండి, పవర్‌బ్యాంకు పెట్టినప్పుడు కూడా వెలిగేది చూసుకోండి. కొన్ని లైట్లు ఛార్జింగ్ వైరు పెట్టగానే ఆరిపోతాయి, ఇంటికి దూరంగా ఉన్నప్పుడు వాటితో ఏం లాభం?

బిగించి, గురి చూసి, బయలుదేరే ముందు

గురి చూసేటప్పుడు సైకిల్ మీద కూర్చునే చూడాలి, మీ బరువుకు ముందు ఫోర్కు కొంచెం దిగుతుంది. బార్ లైటు వెలుగులో నడిమి మండే భాగం ఎనిమిది నుంచి పది మీటర్ల దూరంలో నేలను తాకాలి. చక్రం ముందే పడేలా పెడితే దగ్గర నేల మండిపోయి, దాని వెలుగుకు కంటిపాప ముడుచుకుని దూరం ఇంకా చీకటి అవుతుంది. హెల్మెట్ లైటు నడిమి భాగం, మీరు మామూలుగా ముందుకు చూసినప్పుడు పదిహేను ఇరవై మీటర్ల దగ్గర పడాలి. రెండు వెలుగులూ ఒకదాని చివర ఒకటి అతుక్కున్నట్టుండాలి. హెల్మెట్ లైటును బార్ లైటు కన్నా ప్రకాశవంతంగా పెట్టకండి. పెడితే బార్ లైటు వేసిన నీడల్ని హెల్మెట్ వెలుగు తుడిచేస్తుంది, మళ్ళీ నా మణికట్టు కథే.

దుమ్ములో, పొగమంచులో హెల్మెట్ లైటు ఆర్పేయండి. గుంపులో ముందువాడు లేపిన దుమ్ము మీద, డిసెంబర్లో చెరువుల మీంచి లేచే మంచు మీద పడ్డ వెలుగు నేరుగా మీ కంట్లోకే తిరిగొస్తుంది, ముందు తెల్ల తెర దించినట్టు ఉంటుంది. బార్ లైటు కింద ఉంటుంది కాబట్టి కొంత నయం.

జేబులో మూడో లైటు తప్పనిసరి. రెండొందల లూమెన్ల చిన్న హెడ్‌ల్యాంప్ చాలు, 80 గ్రాములు కూడా ఉండదు. ఒకసారి ఛార్జింగ్ మర్చిపోయి బయలుదేరి, ఫోన్ వెలుగులో సైకిల్ నెట్టుకుంటూ మూడు కిలోమీటర్లు నడిచాను. ఇంటికి ఫోన్ చేయాలంటే అందులో ఛార్జింగ్ లేదు. ఇంట్లోవాళ్ళు ఆ రాత్రి పడ్డ కంగారు నాకు ఇప్పటికీ బాధే.

వెనక ఎర్ర లైటు బాటకు కాదు, బాట దాకా వెళ్ళే రోడ్డుకు. సర్వీసు రోడ్లలో టిప్పర్లు రాత్రంతా తిరుగుతాయి. బాటలోకి దిగాక దాన్ని బాగా తగ్గించండి, మిణుకుమిణుకు అసలే వద్దు. వెనకొచ్చే మిత్రుడు గంటసేపు అదే చూస్తూ తొక్కాలి.

రాత్రి బాటలో మీకన్నా ముందు నుంచీ ఉన్నవాళ్ళు ఉంటారు. మోటరు దగ్గరికి పోయే రైతు, మంద కాసే గొల్లన్న. చీకటికి అలవాటుపడ్డ కన్ను మళ్ళీ కుదురుకోవడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. వాళ్ళ ముఖం మీద వెయ్యి లూమెన్లు కొడితే పాపం, చాలాసేపు గుంతలు తడుముకుంటూ నడవాలి. మనిషి కనపడగానే హెల్మెట్ లైటు మీద అరచెయ్యి పెట్టండి, బార్ లైటు తగ్గించండి, ఆగి పలకరించండి. తలకు లైట్లు కట్టుకుని రాత్రి తిరిగేవాళ్ళంటే వేటగాళ్ళో దొంగలో అనుకుంటారు, అందులో తప్పేమీ లేదు. "అన్నా, మేము సైకిల్ తొక్కెటోళ్ళం, నార్సింగి నుంచి వచ్చినం" అంటే చాలు. శంకర్‌పల్లి దాటాక ఒక పెద్దాయన ఇలాగే మాట కలిపి, ముందున్న బాట పక్కన గోడ లేని వ్యవసాయ బావి ఉందని చెప్పి చూపించాడు. అంచు వరకూ గడ్డి పెరిగి ఉంది. నా రెండు లైట్లలోనూ అది గడ్డిలాగే కనపడింది. అందుకే పగటిపూట కనీసం రెండుసార్లు తొక్కని బాటలోకి ఇప్పుడు రాత్రి వెళ్ళను. రిజర్వ్ ఫారెస్టులోకైతే అసలే వెళ్ళను, అనుమతీ ఉండదు, రాత్రి ఆ చోటు జంతువులది.

ఇంటికి రాగానే లైటు ఊడదీసి, తడి గుడ్డతో తుడిచి, వేడి తగ్గాక ఛార్జింగ్ పెట్టండి, మీరు మెలకువగా ఉన్నప్పుడే. నెల రోజులు వాడనప్పుడు సగం ఛార్జింగ్‌తో చల్లటి చోట దాచండి. ఎండలో నిలిపిన కారు డ్యాష్‌బోర్డులో మాత్రం వదిలేయకండి.